ఫోటోలో పూలు

తౌనో రౌతియోలా కాగితం మిల్లులో
ముప్పై నాలుగేళ్లు తూకం వేశాడు.
లారీ ఎక్కే ప్రతి కాగితపు చుట్టనీ
కిలో తేడా రాకుండా పుస్తకంలోకి ఎక్కించాడు.
ముల్లు వణుకుతుంటే
అది నిలిచేదాకా ఊపిరి బిగబట్టే మనిషి.

అలాంటివాడు జూన్‌లో ఒక పొద్దున
నా ఆఫీసుకొచ్చి, టోపీ తీయకుండానే,
"రెండు లక్షల పది వేల యూరోలు" అన్నాడు.

నేను ఇళ్లు అమ్మిపెట్టేదాన్ని.
కోత్కా రేవులో నేను తట్టని గుమ్మం తక్కువ.
చెప్పాను: లక్షా అరవై నాలుగు వేలు.
పైకప్పుకి ఇంకో అయిదేళ్ల ఆయుష్షు.
నేలమాళిగలో చెమ్మ వాసన.
మిల్లులో రెండో యంత్రం ఆగినప్పటి నుంచీ
ఆ వీధికి వచ్చేవాళ్ల కన్నా పోయేవాళ్లే ఎక్కువ.

ఆయన నీలం అట్ట నోటుబుక్కు తీశాడు.
ఆ ఇల్లు తన చేతుల్తో కట్టుకున్నదే.
ఏ సాయంత్రం ఏ పని, ఎన్ని గంటలు.
సౌనా గదికి చెక్క కొట్టడం: నలభై ఒకటి.
మెట్లు: పద్దెనిమిది.
వంకరొచ్చాయి కనక మళ్లీ మెట్లు: పద్నాలుగు.
మొత్తం మూడు వేల నూట నలభై గంటలు.
కింద గీత గీసి, కూలి కట్టి, కూడాడు.
కూడికలో తప్పు లేదు.

నా నోరు కట్టేసింది అదే.
వంకర మెట్ల గంటలు కూడా
కొనేవాడే మోయాలా అని అడగాల్సింది.
అడగలేదు.
ఆ నెల నాకింకా బోణీ కాలేదు.
సంతకం పెట్టించుకున్నాను.

ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజు
వాకిట్లో లైలాక్ విరగబూసి ఉంది.
కిటికీ అద్దం నిండా ఊదారంగు.

అమ్మకానికొచ్చిన ఇంటికి మొదటి రెండు వారాలు
పడవ దిగిన చేపకి తెల్లవారుజాము.
మధ్యాహ్నానికీ అదే చేపే, అదే బరువు.
కళ్లే మారతాయి.

పక్క వీధిలో ఇర్మెలి ష్యోహోల్మ్
తన ఇంటికి లక్షా యాభై రెండు అంది.
ఇదేం పిచ్చి అన్నాడు తౌనో.
చూడ్డానికి పదకొండు మంది వచ్చారు,
బూట్లు విప్పడానికి గుమ్మంలో చోటు చాల్లేదు.
ఒకరి మీద ఒకరు పాడుకుని
తొమ్మిదో రోజుకి లక్షా అరవై ఒకటికి తెగింది.

మా ఇంటికి ఇద్దరొచ్చారు. ఒకాయన వాన తగ్గేదాకా నిలబడ్డాడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ
అమ్మేవాడికి అడవి కనపడదు.
ఒక్కో చెట్టూ విడివిడిగా, పేరుతో సహా కనిపిస్తుంది.
అది అడవిగా కనిపించేది కొనేవాడికి.

సెప్టెంబరులో పదిహేను వేలు తగ్గించాం.
డిసెంబరులో ఇంకో పదహారు.
తగ్గించిన ప్రతిసారీ జనం
ఇంకో మెట్టు దిగుతుందిలే అని కూర్చున్నారు.

ఫిబ్రవరిలో మంచు మోకాలు దాటింది.
నా ప్రకటనలో మాత్రం లైలాక్ పూస్తూనే ఉంది.
చూసినవాళ్లకి ఆ పూలే చెప్పేశాయి
ఈ ఇల్లు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో.
"లోపలేదో ఉంది" అన్నారు, లోపలికి రాకుండానే.
గేటు నుంచి గడప దాకా మంచులో
ఒక్క జత బూట్ల గుర్తులు,
పోయినవీ వచ్చినవీ ఆయనవే.

మార్చిలో హిల్కా తెర్వోనెన్ అనే వెల్డరు కొనుక్కుంది.
లక్షా నలభై ఎనిమిది.
మెట్లెక్కి దిగింది. బాగున్నాయంది.
ఎన్నిసార్లు కట్టారని అడగలేదు, ఎందుకడుగుతుంది?

బ్యాంకులో సంతకాలయ్యాక తౌనో అడిగాడు:
"జూన్‌లో మీరెంత అన్నారు?"
ఆయనకి గుర్తుంది. నా నోట వినాలని.
చెప్పాను.
నీలం నోటుబుక్కు ఆఖరి పేజీలో
మిల్లు పద్ధతిలోనే రాసుకున్నాడు:
తూకం తేడా, పదహారు వేలు.
కింద గీత గీశాడు.

బాధ్యులు అన్న గడి ఒకటుంటుందట ఆ పద్ధతిలో.
దాంట్లో తన పేరొక్కటే రాసి
కలం మూత పెట్టాడు.
నేను చూస్తూ ఊరుకున్నాను,
జూన్‌లో ఊరుకున్నట్టే.